అరండల్‌పేట మేడమీద లాంగ్‌టర్మ్

మైనం పూసిన స్టెన్సిల్ కాగితం మీద ఇనుప మొన పెన్నుతో లెన్సు బొమ్మ గీయడం ఎంత కష్టమో ఇప్పటి లెక్చరర్లకు చెప్పినా తెలియదు. గట్టిగా ఒత్తితే కాగితం చిరుగుతుంది. వదులుగా గీస్తే సిరా దిగదు. తప్పు పడితే పూసుకునే ద్రవం సీసా ఎప్పుడూ నా చొక్కా జేబులో ఉండేది, జేబులకు మరకలు కూడా దానివల్లే. 1987లో గుంటూరు అరండల్‌పేటలో ఒక మేడమీది గదిలో ఎంసెట్ కోచింగ్‌కి ఫిజిక్స్ చెప్పడానికి చేరాను. నాకు ముందు అప్పగించిన పని పాఠం కాదు, 'మెటీరియల్'. రాత్రి స్టెన్సిల్ కట్ చేసిస్తే తెల్లారేసరికి కుర్రాడొకడు మిషన్ తిప్పి రెండొందల కాపీలు తీసేవాడు. పొద్దున ఆరింటి క్లాసుకు ఆ కాగితాలు ఇంకా సిరా వాసన కొడుతుండేవి.

దానికి ముందు మా వైపు ట్యుటోరియల్ అంటే పరీక్ష తప్పినవాడు వెళ్లే చోటు. మా మేనమామ ఎస్సెల్సీ తప్పి తెనాలిలో ట్యుటోరియల్‌కి వెళ్లాడు. పెళ్లిచూపులప్పుడు ఆ సంగతి ఆడపిల్లవారికి చెప్పకుండా దాచారు. ఇరవయ్యేళ్ల తర్వాత ఆయన కొడుకు ఇంటర్ ఫస్ట్ క్లాసులో పాసై మా మేడ ఎక్కాడు. ఈసారి ఆయనే బస్సులో ఎదురైన ప్రతివాడికీ "మావాడు గుంటూరులో లాంగ్‌టర్మ్" అని చెప్పుకున్నాడు. సిగ్గుపడాల్సిన పని గొప్పగా ఎప్పుడు మారిందని ఎవరైనా అడిగితే, నాకు తెలిసిన జవాబు ఆ తండ్రీకొడుకుల పెళ్లిచూపుల మధ్య అని. కొడుకు పెళ్లిచూపుల్లో ర్యాంకు కూడా చెప్పారు మరి.

ఈ మార్పుకు నేల అప్పటికే సిద్ధమై ఉంది. పీయూసీ పోయి 1969-70లో రెండేళ్ల ఇంటర్మీడియట్ వచ్చింది. 1968లో పుట్టిన తెలుగు అకాడమీ ఇంటర్ పుస్తకాలు తెలుగులో వేసింది. పల్నాడు పల్లెల్లో తెలుగు మీడియం చదివిన పిల్లాడికీ త్వరణం, ద్రవ్యవేగం అన్న మాటలు అందాయి. కానీ సీట్లు కొన్నే. ఇంజినీరింగంటే వాల్తేరు, వరంగల్ ఆర్‌ఈసీ, తిరుపతి, జేఎన్‌టీయూ లాంటి కొన్ని కాలేజీలే. విజయవాడలో వీఆర్ సిద్ధార్థ ఇంజినీరింగ్ కాలేజీ 1977లో మొదలైంది. ఇక్కడ దొరకనివాళ్లు కర్ణాటక దారి పట్టారు. 'డొనేషన్ సీటు' కోసం రెండెకరాలు అమ్మి బెంగళూరు బస్సెక్కిన తండ్రులు మా వీధిలోనే ఉన్నారు.

1983లో మన శాసనసభ ఒక చట్టం చేసింది. కాపిటేషన్ ఫీజును నిషేధించింది, వృత్తివిద్య సీట్లకు ఉమ్మడి ప్రవేశ పరీక్ష ఉండాలంది. ఎంసెట్ ఆ చట్టం కడుపున పుట్టిందే. మంచి చట్టం, ఇప్పటికీ అదే అంటాను. మోతుబరి కొడుకూ పాలేరు కొడుకూ ఒకే పేపరు రాయాలి. డబ్బుకు ముందు తలుపు మూశారు. ఆ డబ్బు పెరటి దారిన అరండల్‌పేట, బ్రాడీపేట అడ్డరోడ్లలోకి వచ్చి హాస్టల్ ఫీజుగా, మెటీరియల్ ఫీజుగా కూర్చుంటుందని చట్టం చేసినవాళ్లు ఊహించి ఉండరు. దాని మీద బతికినవాణ్ని నేనూ, కాబట్టి ఎక్కువ మాట్లాడకూడదు.

లాంగ్‌టర్మ్ అంటే ఇంటర్ అయ్యాక ఒక ఏడాది ఆగి మళ్లీ రాయడం. షార్ట్‌టర్మ్ అంటే ఇంటర్ పరీక్షలకూ ఎంసెట్‌కూ మధ్య ఉన్న కొద్ది వారాల ఉరుకు. మావాళ్లంతా లాంగ్‌టర్మ్. మాచర్ల నుంచి, అద్దంకి నుంచి, మార్కాపురం నుంచి వచ్చేవాళ్లు. గదికి నలుగురు, నలుగురికీ ఒకే ఫ్యాను. కొందరికి ఇంటి నుంచి క్యారేజీ వచ్చేది. తల్లి పొద్దున్నే బస్సు డ్రైవరుకు అందిస్తే, కుర్రాడు బస్టాండుకు సైకిలేసుకెళ్లి తెచ్చుకునేవాడు. బస్సు చెడిపోయిన రోజు మెస్సు టోకెనే గతి. మిర్చి ధర పడిపోయిన ఏడాది ఫీజు రెండో వాయిదా ఆలస్యమయ్యేది. మా యజమాని గుంటూరు మిర్చి యార్డు ధరలు చూసి కలెక్షన్ ఎలా ఉంటుందో చెప్పేవాడు, ఎప్పుడూ తప్పలేదు.

ఆ పిల్లలకు రాజ్యాంగం కూడా వచ్చేది. 371-డి అధికరణ కింద వచ్చిన రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం అప్పట్లో 85 శాతం సీట్లు స్థానికులకు. ఆంధ్రా, ఉస్మానియా, శ్రీవేంకటేశ్వర అని మూడు ప్రాంతాలు. గుంటూరు ఆంధ్రాలోకి, నెల్లూరు ఎస్వీలోకి వచ్చేవి. అదే ర్యాంకుకు నెల్లూరువాడికి సీటు వస్తుందా, గుంటూరువాడికి వస్తుందా అని రాత్రి డాబా మీద వేసే లెక్కలు నేను చెప్పిన లెక్కల కంటే కష్టంగా ఉండేవి.

ఇక మేం చెప్పిందేమిటో కూడా చెప్పాలి. ఎంసెట్‌లో తప్పు జవాబుకు మార్కు కోత లేదు. నాలుగు ఆప్షన్లలో ఒకటి సరైనదని ముందే తెలుసు. ఈ రెండు సంగతులే మా వ్యాపారానికి పెట్టుబడి. ఒకటి నుంచి ఎన్ వరకు సంఖ్యల వర్గాల మొత్తం ఎంత అని లెక్కల్లో అడిగితే, సూత్రం రాబట్టక్కర్లేదు. ఎన్ బదులు 2 పెట్టు. ఒకటీ నాలుగూ అయిదు. ఏ ఆప్షన్‌లో 2 వేస్తే అయిదొస్తుందో దానికి టిక్కు పెట్టి ముందుకు నడువు. ఫిజిక్స్‌లోనైతే ప్రమాణాలు చూసి రెండు ఆప్షన్లు కొట్టేయి. చివరి పది నిమిషాల్లో ఖాళీ గడులన్నీ నింపేయి.

ఒకసారి వినుకొండ వైపు కుర్రాడొకడు లేచి, "సార్, అసలు ఆ సూత్రం ఎందుకు వస్తుంది?" అన్నాడు. గడియారం చూసుకున్నాను. "ర్యాంకొచ్చాక తీరిగ్గా ఆలోచిద్దువులే" అన్నాను. క్లాసంతా నవ్వింది, వాడు కూర్చున్నాడు. వాడికి ర్యాంకొచ్చిందో లేదో గుర్తులేదు. ఆ నవ్వు మాత్రం గుర్తుంది.

మా అడ్డదారి చెల్లని చోటు హైదరాబాద్ నల్లకుంట. అక్కడ చుక్కా రామయ్య గారు ఐఐటీ కోసం లెక్కలు చెప్పేవారు. 2005 దాకా ఐఐటీ మెయిన్స్‌లో పద్ధతి అంతా రాసి చూపాలి, టిక్కులతో పని జరగదు. ఆయన దగ్గర చేరడానికే ఒక ఎంట్రన్స్, ఆ ఎంట్రన్స్‌కి ఊళ్లలో వేరే కోచింగ్. మేమూ ఒక వేసవిలో ఆ బ్యాచ్ పెట్టాం. నిజం చెప్పాలంటే ఆ రెండు నెలల్లోనే నేను ఫిజిక్స్ చెప్పాను.

అవతల పెద్ద సంస్థలు లేస్తున్నాయి. నెల్లూరులో 1979లో చిన్న ట్యూషన్‌గా మొదలైన నారాయణ, విజయవాడలో 1986లో ఆడపిల్లల కాలేజీగా మొదలైన శ్రీచైతన్య రాష్ట్రమంతా పరుచుకున్నాయి. ఇంటర్ కాలేజీ, హాస్టల్, కోచింగ్ ఒకే కప్పు కిందికి వచ్చాక మా మేడ గదులకు పనేముంటుంది? 1993లో ఉన్నికృష్ణన్ కేసులో సుప్రీంకోర్టు సగం ఫ్రీ సీట్లు, సగం పేమెంట్ సీట్లు అన్నది. ఆ కేసులో మన 1983 చట్టం కూడా చర్చకు వచ్చింది. ఆ తర్వాత కాలేజీలు ఏడాదికేడాది పెరిగి, 2010 నాటికి ఉమ్మడి రాష్ట్రంలో ఇంజినీరింగ్ కాలేజీలే ఏడొందల దాకా లేచాయి. సీట్లు మిగిలిపోతున్నా కోచింగ్ తగ్గలేదు. టీవీలో "ఒకటి, ఒకటి, రెండు, రెండు, మూడు" అని ర్యాంకులు ఊపిరాడకుండా చదివే ప్రకటన వినని తెలుగువాడు లేడు. మా మనవడు అంకెలు నేర్చుకుంది దాంతోనే.

నేను చివరగా పనిచేసిన క్యాంపస్‌లో కిటికీలకు బయటివైపు జాలీ బిగించారు, రాత్రి పదకొండు దాకా స్టడీ అవర్. ఎందుకు అని అడిగిన నెలే నా క్లాసులు తగ్గాయి. ఆ సంస్థ పేరు ఇక్కడ అనవసరం. పిల్లలు ప్రాణాలు తీసుకుంటున్నారని 2001లో నీరదా రెడ్డి కమిటీ వేశారు. 2017లో మరో కమిటీ వేయాల్సి వచ్చింది.

ఇప్పుడు ఎంసెట్ అన్న పేరే లేదు. మెడిసిన్ నీట్‌లోకి వెళ్లిపోయింది. ఆంధ్రప్రదేశ్‌లో 2021 నుంచీ, తెలంగాణలో 2024 నుంచీ మిగిలిన పరీక్షను ఈఏపీసెట్ అంటున్నారు. పరీక్ష కంప్యూటర్ మీద. మా మేడ ఉన్న చోట ఇప్పుడు డయాగ్నస్టిక్ సెంటరుంది.

మీ ఇంట్లో అటక మీద ఆ రోజుల సైక్లోస్టైల్ మెటీరియల్ కట్ట ఏదైనా ఉంటే పాతపేపర్లవాడికి వేయకండి. వాటికి ప్రచురణకర్త పేరు లేదు, వెల లేదు, ఏ గ్రంథాలయమూ కొని దాచలేదు. మీ జిల్లా గ్రంథాలయానికి ఇవ్వండి. వాళ్లు వద్దంటే నాకివ్వండి. చెదలు పట్టినా ఫర్వాలేదు.