పడవ మోటారునకు బ్యాటరీ వచ్చిన చరిత్ర

నార్వే దేశమున 1877లో జన్మించి, బాల్యముననే కుటుంబముతో అమెరికా చేరి, యంత్రశిల్పమున ఆరితేరిన ఓలె ఎవిన్‌రూడ్, మిల్వాకీ నగరమున 1909లో పడవ వెనుకబల్లకు తగిలించెడి మోటారును విక్రయింప నారంభించిన నాడు, ఆ ఒకటిన్నర అశ్వశక్తి యంత్రము విద్యుత్తును కోరినది ఒక్క నిప్పురవ్వకొరకే. తొలుత ఆ రవ్వకై వాడిన బ్యాటరీ తడిసినను, వట్టిపోయినను పడవ నడినీట నిలువవలసినదే. ఫ్లైవీలులో అయస్కాంతముల నమర్చి, అది తిరుగునంతసేపు తీగచుట్టలో విద్యుత్తు పుట్టునట్లు చేసిన మాగ్నెటో ఈ బాధను తీర్చినది. 1831లో ఫారడే కనుగొన్న సూత్రమునకు ఇంతకన్న అందమైన వినియోగము నాకు తోచదు. అయినను 1921లో ఎవిన్‌రూడే తన తేలికపాటి ఎల్టో మోటారునకు మరల బ్యాటరీనే ఎంచుకొనెను.

మోటారులు బరువెక్కి, తాడు లాగి తిప్పుట కష్టమై, మీట నొక్కినంతనే తిరుగు స్టార్టరు వచ్చిన పిదప, సీసపు పలకల బ్యాటరీ పడవలో స్థిరపడినది. వాడుకొన్న విద్యుత్తును తిరిగి నింపు భారము ఇంజినుపై పడినది. మొదట బెల్టుతో తిరుగు డైనమోలును, తరువాత ఫ్లైవీలు క్రిందనే ఒదిగిన స్టేటరు చుట్టలును ఆ పని చేసినవి. స్టేటరులో పుట్టునది దిశ మారుచుండు ప్రవాహము గనుక, దానిని ఏకదిశకు త్రిప్పుటకు డయోడులు గల రెక్టిఫయరు అవసరమైనది.

బ్యాటరీకి ఛార్జి ఎక్కనపుడు మంచి మెకానిక్కు ఈ విద్యుత్తు వచ్చు దారినే వెనుకనుండి చదువును. ముందు బ్యాటరీ: టెర్మినలుపై పచ్చని చిలుము, వదులైన నట్టు. ఉప్పుగాలికి తీగ పైతొడుగు క్రిందనే నల్లబడును. గోటితో గీకినను రాగి మెరుగు కానరాదు. ఇంజిను ఆగియుండగా 12.6 వోల్టులు చూపు మంచి బ్యాటరీ, ఇంజిను వేగమందుకొన్నపుడు 14 వోల్టుల చేరువకు రావలెను. రానిచో ఫ్యూజును, పిదప రెక్టిఫయరును చూడవలెను; రెండువైపుల విద్యుత్తును పోనిచ్చు డయోడు చెడినట్లే. స్టేటరు వంతు చిట్టచివర. ఈ క్రమమును విడిచి మొదటనే స్టేటరును మార్చుట ధనమును వృథాపుచ్చుటయే.

పడవ నడుపువారికి ఒక్క మనవి: ఇంజిను తిరుగుచుండగా బ్యాటరీ తీగను ఎన్నడును విప్పకుడు. విప్పినచో వోల్టేజి ఒక్కసారిగా పెరిగి రెక్టిఫయరును కాల్చివేయును.