లోహపు పూత – మన్నిక: కళాయి నుంచి పౌడర్ కోటింగ్ వరకు ఒక పరిశీలన

1. ఉపోద్ఘాతం:

శ్రీకాకుళం జిల్లా సరవకోట మండలంలోని బుడితి గ్రామం ఇత్తడి, కంచు సామానుకు ప్రసిద్ధి. లోహకళల చరిత్ర సాధారణంగా పాత్ర రూపం దగ్గరే ఆగిపోతుంది. పాత్రను వాడుకలో నిలిపిన పూతను, పూత వేసిన పనివారిని కూడా పరిగణించినప్పుడే ఆ చరిత్ర సమగ్రమవుతుంది.

2. కళాయి:

ఇత్తడి రాగి, యశదాల మిశ్రమం. చింతపండు పులుసు వంటివి అందులో నిలవ ఉంటే రాగి కరిగి ఆహారంలో చేరుతుంది. అందుకే వంటపాత్రల లోపల కళాయి వేయించేవారు. పనివాడు పాత్రను తోమి, కొలిమిపై కాచి, నవాసాగరం చల్లుతాడు. వేడికి అది విడిపోగా వెలువడే ఆమ్లవాయువు లోహంపై పేరుకున్న ఆక్సైడును తొలగిస్తుంది. 232 డిగ్రీల సెల్సియస్ వద్ద కరిగే తగరాన్ని దూదితో పులమగానే అది రాగితో కలిసి గట్టిగా పట్టుకుంటుంది. అయితే వాడుకలో ఈ పూత అరిగిపోతుంది. పనివాడు మళ్లీ రావలసిందే.

3. పౌడర్ కోటింగ్:

1950వ దశకంలో జర్మనీకి చెందిన ఎర్విన్ గెమ్మర్, వేడిచేసిన లోహాన్ని గాలిలో తేలే ప్లాస్టిక్ పొడిలో ముంచే పద్ధతిని రూపొందించాడు. 1960వ దశకంలో విద్యుదావేశంతో పొడిని చల్లే పద్ధతి వాడుకలోకి వచ్చింది. చల్లిన పొడిని సాధారణంగా 180–200 డిగ్రీల వద్ద కాల్చితే అది కరిగి, గట్టిపడి, అవిచ్ఛిన్నమైన పొర అవుతుంది. ద్రావకం అక్కరలేదు, రాలిన పొడిని తిరిగి వాడవచ్చు. గేట్లకు, కిటికీ చట్రాలకు, ఫ్యాన్లకు ఇది తగినది. వంటపాత్రల కళాయికి ప్రత్యామ్నాయం కాదు. కళాయి అవసరాన్ని తగ్గించినవి స్టీలు, అల్యూమినియం పాత్రలే.

4. పోలిక:

రెండింటికీ మూలం ఒక్కటే: పూతకు ముందు ఉపరితల శుద్ధి. జిడ్డు, తుప్పు మిగిలితే పొడిపూత ఎంత మందంగా ఉన్నా నిలవదు. ఉప్పుగాలి వీచే శ్రీకాకుళం తీరంలో, గీత పడినచోట మొదలైన తుప్పు పొర కిందుగా పాకుతుంది. కళాయి చెడితే ఊళ్లోనే సరిచేయవచ్చు. పొడిపూతను పూర్తిగా పునరుద్ధరించాలంటే వస్తువును విప్పి కార్ఖానాకు చేర్చాలి.

5. ముగింపు:

కళాయి మన్నిక పనివాడి రాకపై, పొడిపూత మన్నిక తొలినాటి శుద్ధిపై ఆధారపడ్డాయి. కాబట్టి మన్నిక పదార్థానికి మాత్రమే చెందిన గుణం కాదు, శ్రమవ్యవస్థకూ చెందినది. పాత్రలు ప్రదర్శనశాలల్లో మిగులుతాయి. కొలిమి వేడిని కంటితో పసిగట్టే నేర్పు మాత్రం పనివారితోనే పోతుంది. దానిని నమోదు చేయడం ఉత్తరాంధ్ర చరిత్ర పరిశోధకుల తక్షణ కర్తవ్యం.