విమానంలో జబ్బులు అంటుకుంటాయా? ప్రయాణికులు తెలుసుకోవాల్సిన విషయాలు

పక్క సీటాయన దగ్గుతుంటే ఆ జబ్బు మనకూ వస్తుందా? ఉమ్రాకు వెళ్లే పెద్దవాళ్లు, గల్ఫ్‌కు పనికి పోయేవాళ్లు తరచూ అడిగే ప్రశ్న ఇది.

గాలి సంగతి: పెద్ద జెట్ విమానాల్లో గాలి గంటకు సుమారు 20 నుంచి 30 సార్లు మారుతుంది. అందులో దాదాపు సగం బయటి గాలి. మిగతాది హెపా ఫిల్టర్ల గుండా తిరిగొస్తుంది. 0.3 మైక్రాన్ల కణాలను ఈ ఫిల్టర్లు 99.97 శాతం ఆపేస్తాయి. గాలి పైనుంచి కిందికి పోతుంది కాబట్టి ముప్పు ఎక్కువగా దగ్గర్లో కూర్చున్నవాళ్ల నుంచే.

గాలి ఆగిపోతే కథ వేరు. 1977లో అలాస్కాలో ఇంజిన్ చెడి ఒక విమానం 3 గంటలు నేలమీదే ఆగింది. లోపల గాలి తిరగలేదు. ఒకరికి ఫ్లూ లక్షణాలు ఉన్నాయి. 3 రోజుల్లో ప్రయాణికుల్లో 72 శాతం మంది మంచం పట్టారు.

ఎంత దూరం: 8 గంటలు దాటిన ప్రయాణంలో టీబీ రోగి ఉంటే అదే వరుసతో పాటు ముందు రెండు, వెనక రెండు వరుసల వాళ్లను వెతకాలన్నది ప్రపంచ ఆరోగ్య సంస్థ పద్ధతి. అయితే 2003లో హాంకాంగ్ నుంచి బీజింగ్ వెళ్లిన విమానంలో సార్స్ సోకిన 22 మందిలో కొందరు రోగికి చాలా వరుసల దూరంలో కూర్చున్నవాళ్లే.

టీకాలు: హజ్, ఉమ్రా యాత్రికులకు సౌదీ మెదడువాపు (మెనింజైటిస్) టీకా అడుగుతుంది. చేరడానికి కనీసం 10 రోజుల ముందే వేయించుకోవాలి. 2000లో హజ్ యాత్రికుల్లో, వాళ్ల ఇళ్లలో ఈ జబ్బు పాకిన తర్వాత నాలుగు రకాలకు పనిచేసే టీకా తప్పనిసరి అయింది. ఆఫ్రికాలో పసుపు జ్వరం ఉన్న దేశాల నుంచి ఇండియాకు వస్తే ఆ టీకా సర్టిఫికెట్ ఉండాలి. 2016 నుంచి అది జీవితాంతం చెల్లుతుంది.

ఎయిర్‌లైన్స్ హక్కు: అంటువ్యాధి ఉన్నట్టు కనిపిస్తే ఎక్కనివ్వకపోవచ్చు. చికెన్‌పాక్స్ వంటివాటికి డాక్టర్ సర్టిఫికెట్ అడుగుతారు. విమానంలో ఎవరికైనా అంటువ్యాధి అనుమానం వస్తే పైలట్ దిగేముందే విమానాశ్రయానికి చెప్పాలి.

మన జాగ్రత్త: తల మీది గాలి రంధ్రం తెరిచి ఉంచండి. తినేముందు చేతులు కడగండి. దగ్గు ఉంటే మాస్కు పెట్టుకోండి. జ్వరం ఉంటే మాత్ర వేసి దాచకండి. తేదీ మార్చమని ఎయిర్‌లైన్స్‌ను ముందే అడగండి. పక్క సీట్లో గుండె జబ్బున్న ముసలివాళ్లు, చంటిపిల్లల తల్లులు ఉండొచ్చు.