షేర్వానీ ఎవరిది? గోచీ ఎవరిది?

ముస్లిం పిల్లవాడంటే నెత్తిన టోపీ, ఒంటిమీద పొడుగు కుర్తా, పైజామా. సినిమావాళ్ళయినా, బొమ్మలేసేవాళ్ళయినా మాకు తొడిగే వేషం ఇదే. మా తాతముత్తాతల కాలం నుంచీ ఇంతేనని మావాళ్ళు కూడా కొందరు నమ్ముతారు. చరిత్ర అలా లేదు.

నిజాం రాజ్యంలో షేర్వానీ మతం దుస్తు కాదు. దర్బారు దుస్తు, కచేరీ దుస్తు, చదువుకున్నవాళ్ళ దుస్తు. ఉర్దూ మాధ్యమంగా 1918లో ఏర్పడిన ఉస్మానియా యూనివర్సిటీలో హిందూ విద్యార్థులూ షేర్వానీ తొడుక్కునే చదివారు. కాయస్థుల ఇళ్ళలో, దేశ్‌ముఖుల గడీలలో పిల్లలకి చిన్న షేర్వానీలు కుట్టించేవాళ్ళు. ఇక ఎర్రటి రూమీ టోపీ సంగతి. దాన్ని ఉద్యోగుల నెత్తిన పెట్టించింది ఒట్టోమన్ సుల్తాను రెండో మహమూద్, 1829లో. 1925లో ముస్తఫా కెమాల్ దాన్ని నిషేధించాడు. తుర్కీలో నేరమైన టోపీ హైదరాబాదులో మాత్రం మర్యాదగానే చెల్లింది. ఇందులో ఇస్లాం ఎంత, హోదా ఎంత?

ఆ షేర్వానీ మాలో ఎందరికి దక్కింది? ఊళ్ళలో దూదేకుల పిల్లవాడికి, కూలి చేసుకునే సాయిబు కొడుక్కి ఉన్నది గోచీ, మొలతాడు, మెడలో తాయెత్తు. పక్కింటి రైతు పిల్లవాడికీ అంతే. ఊరందరి పరుపులకీ దూది ఏకిన ఇంట్లో పిల్లవాడి ఒంటికి నిండా బట్ట లేదు. నవాబుల ఫొటోలు చూసి మా చరిత్ర రాసేవాళ్ళకి ఈ గోచీ కనపడదు.

పేదింట్లో కొత్తబట్ట పండక్కో, నాలుగేళ్ళ నాలుగు నెలల నాలుగు రోజులకి చేసే బిస్మిల్లాకో. మొహర్రంలో మొక్కు ఉంటే పిల్లవాడికి ఆకుపచ్చ బట్టలు తొడిగి ఫకీరుని చేసేవాళ్ళు. దక్కను ముస్లింల ఆచారాల మీద జాఫర్ షరీఫ్ రాసిన ‘ఖానూన్-ఎ-ఇస్లాం’ 1832లోనే అచ్చయింది. ఈ ఫకీర్ల ముచ్చట అందులో ఉంది. పీర్లకి మొక్కుకున్న హిందూ తల్లులూ తమ పిల్లల్ని అలాగే ఫకీర్లని చేశారు.

1948 సెప్టెంబరు ఈ లెక్కలన్నీ మార్చేసింది. పోలీసు చర్యలో, ఆ తర్వాత కనీసం 27 వేల నుంచి 40 వేల మంది చనిపోయారని సుందర్‌లాల్ కమిటీ అంచనా కట్టింది. ఆ నివేదిక జనం ముందుకొచ్చింది 2013లో. నిన్నటిదాకా అందరిదైన షేర్వానీ అప్పట్నించీ తురకోళ్ళ బట్ట అయింది. మిగతావాళ్ళు దాన్ని మడిచి పెట్టెలో పెట్టేశారు. మా ఇళ్ళలో కొడుకు టోపీ పెట్టుకుని గడప దాటుతుంటే తల్లి గుండె జారేది.

ఇవాళ అన్ని కులాల పెళ్ళికొడుకులూ షేర్వానీ వేసుకుంటున్నారు. అద్దెకి తెచ్చుకునేవాళ్ళూ ఉన్నారు. మంచిదే. ఆ పెళ్ళిపందిరి ముందునుంచే టోపీతో మదర్సాకి పోయే పిల్లవాణ్ణి మాత్రం ఎందుకు ఎగాదిగా చూస్తారు? మావాళ్ళనీ ఒకటి అడగాలి. షేర్వానీని మనదని చెప్పుకున్నంత గర్వంగా గోచీని మనదని ఎప్పుడు చెప్పుకుంటాం? మాలో ఎక్కువమంది వచ్చింది ఆ గోచీలోంచే.