మౌంటెన్ బైక్ సస్పెన్షన్ అమరిక (మోరిస్‌విల్)

విడిభాగాలు కొని మౌంటెన్ బైకు కూర్చుకునేవారు ముందు తేల్చుకోవలసింది తొక్కే నేల సంగతి. ఉత్తర కరోలినాలో తెలుగు కుటుంబాలు బాగా స్థిరపడిన మోరిస్‌విల్‌లో ఆ నేల లేక్ క్రాబ్‌ట్రీ కౌంటీ పార్కు బాటలు: ఎర్రమట్టి, చెట్ల వేర్లు, చిన్నపాటి ఎత్తుపల్లాలు. వీటికి 120 మి.మీ. కుంగే ముందు ఫోర్కు చాలు, 160 అంటే సందులోకి లారీ తోలినట్టే.

గాలి ఫోర్కుకు మొదట చూసేది శాగ్, అంటే మనిషి బరువుకు అది కుంగే కొలత. గొట్టం మీది రబ్బరు రింగును అడుగుకు జరిపి, హెల్మెట్, నీళ్ల సంచీతో సహా ఎక్కి నిలబడి, కుదుపు లేకుండా దిగాలి. 120 మి.మీ. ఫోర్కులో రింగు 24 మి.మీ. జరిగితే 20 శాతం శాగ్ ఉన్నట్టు. అంతకు మించితే షాక్ పంపుతో గాలి కొట్టాలి. రీబౌండ్, అంటే కుంగిన ఫోర్కు తిరిగి లేచే వేగం, ఆ తర్వాతే. దాని మర, సాధారణంగా ఎర్రది, మరీ బిగిస్తే వరస వేర్ల మీద ఫోర్కు తేరుకోలేక కిందికే కూరుకుపోతుంది.