గోల్డెన్ గేట్ ని ఎక్కడ నుంచుని చూడాలి?

బే ఏరియాలో ఉండే మనవాళ్ళ ఇంటికి ఇండియా నుంచి ఎవరొచ్చినా కార్యక్రమం ఒకటే. మొదటి వారం జెట్ లాగ్, రెండో వారం గుడి, మూడో వారం గోల్డెన్ గేట్ బ్రిడ్జ్. నేనిక్కడికొచ్చి నాలుగేళ్ళయింది. ఈ నాలుగేళ్ళలో కనీసం తొమ్మిదిసార్లు ఎవరో ఒకర్ని కార్లో ఎక్కించుకెళ్ళి ఆ వంతెన చూపించి ఉంటాను. జీతం లేని గైడు ఉద్యోగమన్నమాట. ఆ అనుభవంతో, ఆ వంతెనని ఎక్కణ్ణుంచి చూస్తే బాగుంటుందో రాద్దామని కూర్చున్నాను. కానీ పోయిన అక్టోబరులో మా నాన్నగారు వచ్చి వెళ్ళాక ఈ విషయం కాస్త మారిపోయింది. ఎందుకో చెప్తాను.

ముందు ఎప్పుడు వెళ్ళాలన్నది తేల్చేద్దాం. ఎండాకాలం కదా అని జులైలో వెళ్తే అయిపోయారే! మా పిన్ని కొడుకుని జులైలో తీసికెళ్తే, వంతెన మధ్యలో నుంచుని "అన్నయ్యా, బ్రిడ్జ్ ఏదీ?" అన్నాడు. లోపల కాలిఫోర్నియా మైదానం ఎండకి కాగి అక్కడి గాలి పైకి లేస్తుంది. ఆ ఖాళీ నింపడానికి సముద్రం మీది చల్లటి గాలి లోపలికొస్తుంది. తీరం పొడవునా కొండలే. సముద్రమట్టానికి తెరుచుకున్న సందు ఇదొక్కటే. అందుకని పొగమంచంతా ఇందులోంచే దూరుతుంది. సెప్టెంబరు, అక్టోబరు నెలలు నయం.

అన్నట్టు, గోల్డెన్ గేట్ అన్న పేరు వంతెనది కాదు, ఆ సందుది. 1846లో జాన్ ఫ్రీమాంట్ అనే సైనికాధికారి పెట్టాడు, ఇస్తాంబుల్ లోని గోల్డెన్ హార్న్ ని తలుచుకుని. కాలిఫోర్నియాలో బంగారం దొరికింది 1848లో. అంటే బంగారానికీ ఈ పేరుకీ కూడా సంబంధం లేదు.

సరే, నాన్నగారి సంగతి. ఆయన ధవళేశ్వరంలో ఇరిగేషన్ శాఖలో పనిచేసి రిటైరయ్యారు. జీవితమంతా లాకులూ, కాలవలూ, ఎస్టిమేట్లే. ఆయనకి సీనరీ చూపించడం కష్టం. మనం సూర్యాస్తమయం చూపిస్తే ఆయన గట్టు ఎక్కడ కోసుకుపోతోందో చూస్తారు.

మేముండేది దక్షిణం వైపు కాబట్టి ముందు వంతెన దాటి ఉత్తరం గట్టుకి వెళ్ళాం. టోల్ తిరిగొచ్చేటప్పుడే (2013 నుంచి టోల్ బూతుల్లో మనుషుల్లేరు, కెమెరా నంబరు ప్లేటు చూసుకుని బిల్లు పంపిస్తుంది). దాటగానే కుడివైపు విస్టా పాయింట్. టూరిస్టు బస్సులన్నీ అక్కడే ఆగుతాయి. బానే ఉంటుంది గానీ, అసలైన చోటు అవతలి పక్క కొండమీద ఉంది. దాని పేరు బ్యాటరీ స్పెన్సర్. 1890లలో శత్రునౌకల్ని పేల్చడానికని ఫిరంగులు పెట్టిన స్థావరం. శత్రువులు రానేలేదు, ఇప్పుడు మనలాంటివాళ్ళొస్తున్నాం. మీరు పోస్టుకార్డుల మీద చూసే బొమ్మ, అంటే ముందు టవరు, వెనక ఊరు, ఇక్కణ్ణుంచి తీసిందే. పార్కింగ్ దొరకడం మాత్రం పూర్వజన్మ సుకృతం. పొద్దున్న తొమ్మిదిలోపు వెళ్ళండి.

అక్కడ ఉత్తరం టవరు పైభాగం దాదాపు మన కళ్ళకి ఎదురుగా ఉంటుంది. నీటిమీదనుంచి 746 అడుగులు. రెండు టవర్ల మధ్య దూరం 4200 అడుగులు. 1937 నుంచి 1964 దాకా ప్రపంచంలో ఇంతకంటే పొడవైన స్పాన్ లేదు. నేను ఫోటోలు తీస్తుంటే నాన్నగారు ఆ టవర్నే చూస్తూ, "గాలి తోపుడికి ఇది పైన ఎంత వంగుతుందో లెక్కేసుంటారు. కంప్యూటర్లు లేవు కదరా అప్పుడు" అన్నారు. నాకు తెలీదు. తొమ్మిదిసార్లు వెళ్ళాను, ఒక్కసారీ ఆ ఆలోచన రాలేదు.

అక్కణ్ణుంచి వెనక్కొచ్చి దక్షిణం వైపు ప్లాజాకి వెళ్ళాం. అక్కడ ప్రధాన కేబుల్ ముక్క ఒకటి అడ్డంగా కోసి పెట్టారు. మూడడుగుల పైన వెడల్పు. లోపల 27,572 తీగలు. రెండు కేబుళ్ళలోని తీగ అంతా కలిపి 80,000 మైళ్ళు, భూమి చుట్టూ మూడు చుట్లు చుట్టచ్చు. నాన్నగారు దాన్ని పావుగంట చూశారు. అమ్మ బెంచీ మీద కూర్చుని పులిహోర డబ్బా తీసింది.

పక్కనే ఒక విగ్రహం. జోసెఫ్ స్ట్రాస్, చీఫ్ ఇంజనీరు. కింద 'వంతెన కట్టిన మనిషి' అని రాసుంటుంది. నేను చదివి చెప్పాను.

"ఏరా, లెక్కలన్నీ ఈయనే వేశాడా?"

"అనే ఉంది కదా నాన్నగారూ."

"చీఫ్ ఇంజనీర్లు లెక్కలు వెయ్యర్రా, సంతకాలు పెడతారు. వేసినవాడు ఇంకెవడో ఉండుంటాడు, చూడు."

ఇంటికొచ్చి చూశాను. ఉన్నాడు. పేరు చార్లెస్ ఎల్లిస్.

స్ట్రాస్ కి పేరు తెచ్చినవి ఓడలొచ్చినప్పుడు పైకి లేచే చిన్న వంతెనలు. అవి వందల్లో కట్టాడు. ఇంత పెద్ద వేలాడే వంతెన ఎప్పుడూ కట్టలేదు. 1921లో ఆయన ఇచ్చిన మొదటి డిజైను చూస్తే నవ్వొస్తుంది. రెండు పక్కలా బండ ఇనప చట్రాలు, మధ్యలో కాస్త వేలాడే ముక్క. అదే కట్టుంటే ఇవాళ ఫోటోలు తీసుకోడానికి ఎవడూ వెళ్ళేవాడు కాదు. మొత్తం వేలాడే వంతెనే కట్టచ్చని న్యూయార్క్ ఇంజనీరు లియాన్ మోయ్‌సీఫ్ సిద్ధాంతం చెప్తే, దాన్ని లెక్కల్లో పెట్టినవాడు ఎల్లిస్. ఇల్లినాయ్ యూనివర్సిటీలో పాఠాలు చెప్పి స్ట్రాస్ కంపెనీలో చేరినవాడు. గణితం, గ్రీకు బాగా చదువుకున్నవాడు. టవర్ల లెక్కల్లో ఒకదానితో ఒకటి ముడిపడ్డ సమీకరణాలు అనేకం. అన్నీ చేత్తో, స్లైడ్ రూల్ తో చెయ్యాలి. అనుమానం వచ్చినప్పుడల్లా మోయ్‌సీఫ్ కి టెలిగ్రాం కొట్టి సరిచూసుకునేవాడు.

స్ట్రాస్ కి ఇది నచ్చలేదు. టైమూ డబ్బూ దండగ అనుకున్నాడు. 1931 చివర్లో ఎల్లిస్ ని సెలవు తీసుకోమన్నాడు. ఆ సెలవు అయిపోతుండగా, ఇంక రానక్కర్లేదు, పని నీ అసిస్టెంటుకి అప్పగించెయ్ అని ఉత్తరం రాశాడు. అది డిప్రెషన్ కాలం, ఎల్లిస్ కి ఇంకో ఉద్యోగం దొరకలేదు. అలాంటప్పుడు మీరైతే ఏం చేస్తారు? నేనైతే నాలుగు తిట్లు తిట్టుకుని రెజ్యూమె సర్దుకుంటాను. ఈయన ఇంట్లో కూర్చుని, జీతం లేకుండా, వారానికి 70 గంటలు అవే లెక్కలు మళ్ళీ చేశాడట. మొత్తం పది సంపుటాల చేతిరాత.

1933 జనవరిలో పని మొదలైంది. 1937 మే 27న వంతెన తెరిచారు. మొదటిరోజు నడిచేవాళ్ళకే వదిలారు, సుమారు రెండు లక్షలమంది వచ్చారు. ఆ తర్వాతి ఏడాది స్ట్రాస్ ఇచ్చిన చివరి నివేదికలో ఎల్లిస్ పేరు లేదు. అదే ఏడాది స్ట్రాస్ పోయాడు, 1941లో ఆయన విగ్రహం వచ్చింది. ఎల్లిస్ పర్డ్యూ యూనివర్సిటీలో పాఠాలు చెప్పుకుని 1949లో పోయాడు. 1986లో జాన్ వాన్ డర్ జీ అనే రచయిత పుస్తకం రాస్తే ఈ కథ నలుగురికీ తెలిసింది. వంతెన సంస్థ డిజైన్లో సింహభాగం ఎల్లిస్ దేనని అధికారికంగా ఒప్పుకున్నది 2007లో. 2012లో సివిల్ ఇంజనీర్ల సంఘం ఆయన పేరున ఒక ఫలకం పెట్టింది.

స్ట్రాస్ ని పూర్తిగా విలన్ని చెయ్యడం కూడా న్యాయం కాదు. ఫెర్రీ నడిపే కంపెనీలూ, కోర్టు కేసులూ అడ్డం పడుతుంటే పదేళ్ళకిపైగా ఊరూరా తిరిగి జనాన్ని ఒప్పించింది ఆయనే. 1930లో ఓటర్లు తమ ఇళ్ళూ పొలాలూ పూచీ పెట్టి 3.5 కోట్ల డాలర్ల బాండ్లకి ఒప్పుకున్నారంటే అందులో ఆయన నోటి చలవ ఉంది. పనివాళ్ళ కోసం వంతెన కింద వల కట్టించింది కూడా ఆయనే. దానివల్ల 19 మంది బతికారు. 1937 ఫిబ్రవరి 17న ఒక పరంజా విరిగి వలని చింపుకుని పడిపోయినప్పుడు మాత్రం పదిమంది పోయారు. మొత్తం నిర్మాణంలో పోయింది 11 మంది. కాబట్టి విగ్రహం పెట్టడంలో తప్పులేదు. తప్పల్లా ఆయన ఇంకో పేరు కొట్టెయ్యడంలో ఉంది.

ఆ సాయంత్రం ఫోర్ట్ పాయింట్ కి కూడా వెళ్ళాం. దక్షిణం గట్టు కింద, 1853-61 మధ్య కట్టిన ఇటుకల కోట. దాన్ని కూల్చకుండా దానిమీంచి ఒక ఉక్కు ఆర్చి వేశారు (ఇది కూడా స్ట్రాస్ పుణ్యమే). కిందనుంచి తలెత్తి చూస్తే వంతెన పొట్ట కనిపిస్తుంది. 1951 డిసెంబరు గాలివానకి వంతెన ఊగిపోతే కొన్ని గంటలు మూసేశారు. ఆ తర్వాత అడుగున అదనంగా ఉక్కు బిగింపులు వేశారు. మన భాషలో చెప్పాలంటే ప్రొడక్షన్లో ప్యాచ్. నాన్నగారికి అన్నిటికంటే నచ్చింది ఇదే. "పైనుంచి చూస్తే బొమ్మ, కిందనుంచి చూస్తే పని" అన్నారు.

చివరికి బేకర్ బీచ్. పడమటి ఎండ వంతెన మీద పడి ఆ కాషాయం వెలిగిపోతుంది. నౌకాదళంవాళ్ళు నలుపు-పసుపు చారలు వెయ్యమన్నారు, విమానదళంవాళ్ళు ఎరుపు-తెలుపు. ఆర్కిటెక్టు ఇర్వింగ్ మారో ప్రైమరు రంగు చూసి ఇదే బాగుందని పట్టుబట్టాడు. బతికించాడు.

ఇసకలో నడుస్తూ నాన్నగారు మా ఊరి సంగతెత్తారు. "మన దగ్గర కాటన్ దొర విగ్రహం లేని ఊరుందా? పెట్టాలి, తప్పులేదు. ఆనకట్ట పనిలో ఆయనకి సాయపడిన వీణెం వీరన్న పేరు నీకు తెలుసా?" నాకు తెలీదు. నేను పుట్టిపెరిగింది ఆ ఆనకట్టకి ఆరు కిలోమీటర్ల దూరంలో.

ఆ రాత్రి ఎల్లిస్ గురించి చదువుతూ స్ట్రాస్ ని తిట్టుకుంటున్నాను. ఇంతలో నా ప్రెజెంటేషన్ ఒకటి గుర్తొచ్చింది. ఏప్రిల్లో మా సిస్టం నెమ్మదించిపోతే, అసలు లోపం పట్టుకున్నది హైదరాబాద్ టీంలో కొత్తగా చేరిన అమ్మాయి. రెండు వారాలు రాత్రిళ్ళు కూర్చుని లాగులు తవ్వింది. నేను దాన్ని సరిచేసి, స్లైడ్లు చేసి, పెద్దవాళ్ళ ముందు చెప్పాను. మొదటి పేజీలో నా పేరొక్కటే. కావాలని చెయ్యలేదు, నిజం. స్ట్రాస్ ని అడిగినా బహుశా అదే అనేవాడు.

మర్నాడు మా మేనేజరుకి మెయిల్ రాశాను, ఎవరు ఏం చేశారో వివరంగా, ఆ అమ్మాయికి కాపీ పెట్టి. ఆర్నెల్లు ఆలస్యం. ఎల్లిస్ కి డెబ్భై ఏళ్ళు పట్టింది కాబట్టి నేను నయమేనని చెప్పుకోవచ్చు గానీ, చెప్పుకోను. ఆ ఏడాది రేటింగులు అప్పటికే అయిపోయాయి.

అదండీ. మీరు వెళ్తే పొద్దున్నే బ్యాటరీ స్పెన్సర్, మధ్యాహ్నం ఫోర్ట్ పాయింట్, సాయంత్రం బేకర్ బీచ్. స్వెట్టరు మర్చిపోకండి. ఉత్తరం టవరు ఎదురుగా నుంచుని ఫోటో తీసుకునేటప్పుడు, పక్కన మీవాళ్ళెవరైనా ఉంటే ఎల్లిస్ పేరు ఒకసారి చెప్పండి.