రాయా, శిలాజమా? దొరికినవాళ్లు ముందు చూడాల్సినవి ఇవే

మధ్యప్రదేశ్‌లోని ధార్ జిల్లా పాడ్ల్యా గ్రామంలో రైతులు కొన్ని గుండ్రటి రాళ్లను 'కాకర్ భైరవ్' పేరుతో తరతరాలుగా పూజిస్తున్నారు. పొలాన్ని, పశువులను ఆ రాళ్లే కాపాడతాయని వాళ్ల నమ్మకం. లక్నోలోని బీర్బల్ సాహ్ని సంస్థ నిపుణులు పరిశీలించి, అవి డైనోసార్ గుడ్ల శిలాజాలని తేల్చారు. 2023లో ఈ వార్త దేశమంతా తిరిగింది.

దీనికి పూర్తి రివర్స్‌లో ఇంకోటి జరిగింది. 2020 అక్టోబర్‌లో తమిళనాడులోని పెరంబలూరు జిల్లా కున్నం దగ్గర చెరువు తవ్వుతుంటే పెద్ద పెద్ద గుండ్లు బయటపడ్డాయి. డైనోసార్ గుడ్లంటూ సోషల్ మీడియాలో ఫొటోలు వైరల్ అయ్యాయి. నిపుణులు వెళ్లి చూస్తే అవి గుడ్లు కావు. ఒకప్పుడు అక్కడున్న సముద్రం అడుగున మట్టి, ఖనిజాలు పేరుకుని గట్టిపడిన ముద్దలు.

రెండు చోట్లా ఆకారం గుండ్రమే. అంటే ఆకారం ఒక్కటే చూసి ఏదీ చెప్పలేం.

ముందు నేల ఏదో చూడాలి

శిలాజాలు ఎక్కువగా ఇసుకరాయి, సున్నపురాయి, షేల్ లాంటి పొరల రాళ్లలో దొరుకుతాయి. హైదరాబాద్ చుట్టూ ఉన్న గ్రానైట్ గుట్టలు భూమి లోపల కరిగిన శిల చల్లారి ఏర్పడ్డవి. వాటిలో ఎముకో, గుడ్డో కనిపించిందంటే అది దాదాపుగా రాయే. ప్రాణహిత - గోదావరి లోయ సంగతి వేరు. కోటసారస్ అనే డైనోసార్ ఎముకలు అక్కడి యామన్‌పల్లి దగ్గర దొరికినవే. కడప జిల్లా వేంపల్లె రాళ్లలో కనిపించే వంపు తిరిగిన పొరలు కూడా కొన్ని చోట్ల నిజమైన శిలాజాలే. కోట్ల ఏళ్ల కిందటి సూక్ష్మజీవులు కట్టిన పొరలవి.

మోసం చేసే రాళ్లు

రాయి మీద ఫెర్న్ ఆకులాంటి నల్లటి గీతలు కనిపిస్తే ఆకు శిలాజం అనుకుంటారు. చాలాసార్లు అది పగుళ్లలోకి నీళ్లతో పాటు దిగిన మాంగనీసు వేసిన డిజైన్. నిజం ఆకైతే నడి ఈనె, దాని నుంచి చీలే చిన్న ఈనెలు ఒక వరసలో ఉంటాయి.

ఎముక అయితే విరిగిన చోట స్పాంజీలాంటి సన్నటి రంధ్రాలు కనిపించాలి. నాలుకకు అంటుకుంటే ఎముకే అనే చిట్కా ఒకటి ఉంది. దాన్ని నమ్మొద్దు, బంకమట్టి కూడా అంటుకుంటుంది. కలప శిలాజంలో పీచు, వయసు వలయాలు చూడాలి. గుడ్డయితే పైన పెంకు పొర విడిగా తెలియాలి. ఆ పెంకులోని సన్నటి రంధ్రాలను మైక్రోస్కోప్ కింద చూస్తేనే ఖాయంగా చెప్పగలరు.

తీసేస్తే పోయేది ఏంటి

గుజరాత్‌లోని బాలాసినోర్ రాజకుటుంబానికి చెందిన ఆలియా సుల్తానా బాబీ, రయ్యోలి శిలాజాలను కాపాడటానికి ఏళ్లుగా పనిచేస్తున్నారు. అక్కడ ఒక ముసలమ్మ ఇంట్లో మసాలా నూరే రాయిని చూసి, అది డైనోసార్ గుడ్డని ఆమె గుర్తుపట్టారు. గుడ్డు దక్కింది. కానీ అలా ఇంటికి చేరిన గుడ్డు ఏ గూటిలో ఉండేదో, పక్కన ఇంకెన్ని ఉన్నాయో ఆ రాయిని చూసి చెప్పలేం.

ధార్ జిల్లాలోనే పరిశోధకులు 92 గూళ్లు, 256 గుడ్లు లెక్కపెట్టి 2023లో ప్రకటించారు. గుడ్లు ఉన్నచోటే ఉన్నాయి కాబట్టే ఆ లెక్క కుదిరింది. గూళ్లు దగ్గర దగ్గరగా ఉన్నాయని తెలిసిందీ అందుకే. హైదరాబాద్ బిర్లా సైన్స్ సెంటర్‌లో నిలబెట్టిన కోటసారస్ అస్థిపంజరం కూడా ఒక్క జంతువుది కాదు. ఒకే చోట దొరికిన చాలా జంతువుల ఎముకలతో దాన్ని కూర్చారు. ఎవరికి దొరికింది వాళ్లు పట్టుకెళ్లి ఉంటే ఆ డైనోసార్ మనకు తెలిసేదే కాదు.

దొరికితే ఏం చేయాలి

• తవ్వొద్దు, పగలగొట్టొద్దు, యాసిడ్‌తో కడగొద్దు. వార్నిష్ అసలే పూయొద్దు.
• పక్కన స్కేలో, నాణెమో పెట్టి దగ్గర నుంచి, దూరం నుంచి ఫొటోలు తీయాలి.
• ఫోన్‌లో లొకేషన్ సేవ్ చేసుకోవాలి. ఏ పొరలో ఉంది, చుట్టూ ఏముందో రాసుకోవాలి.
• ఇప్పటికే ఇంటికి తెచ్చేసి ఉంటే, ఎక్కడ దొరికిందో గుర్తున్నంతవరకు ఈరోజే చీటీ మీద రాసి రాయితో పాటు ఉంచాలి.
• పొలం వేరేవాళ్లదైతే ముందు వాళ్లకు చెప్పాలి. అమ్మకానికి పెట్టొద్దు.

ఆ ఫొటోలు, వివరాలతో హైదరాబాద్ బండ్లగూడలోని జియోలాజికల్ సర్వే ఆఫ్ ఇండియా ఆఫీసును గానీ, దగ్గర్లోని యూనివర్సిటీ జియాలజీ విభాగాన్ని గానీ అడగొచ్చు. ఎక్కువసార్లు 'ఇది మామూలు రాయే' అనే జవాబు రావచ్చు. దానికి చిన్నబోవాల్సిన పని లేదు. ఒక్కసారి నిజమైనది దొరికినప్పుడు, అది ఏ చోటిదో చెప్పగలిగేది దాన్ని మొదట చూసిన మనిషే.